తాతయ్య యుద్ధం నుంచి రాసిన ఉత్తరాలు: ఒకదాంట్లో కత్తిరించిన చోట ఏముండేది?

గోదారి గట్టు:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల మా ఊళ్ళో పాతిల్లు విప్పించాం. అటక మీద నుంచి దింపిన సామానులో బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి దొరికింది. తెరిస్తే ఉత్తరాలు. పసుపు దారంతో కట్టి, మధ్యలో ఎండిపోయిన వేపాకు వేసి ఉన్నాయి. లెక్కపెడితే ముప్పై ఏడు. మా తాతయ్య, అంటే నాన్నగారి నాన్న, 1941 నుంచి 1945 దాకా పట్టాళం నుంచి ముత్తాతకి రాసినవి. తాతయ్య 1946లో ఇంటికొచ్చారు, 1979లో పోయారు. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. ఆయన నోటి వెంట యుద్ధం మాట విన్నవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. ఎక్కడ పనిచేశారని నాన్నని అడిగితే "ఈజిప్టు అంటారు, ఇటలీ అంటారు" అని ఊరుకునేవారు.

నాలుగు రాత్రులు కూర్చుని అన్నీ చదివాను. దాదాపు ప్రతిదీ ఒకేలా మొదలవుతుంది: "మహారాజశ్రీ నాన్నగారి పాదములకు మీ కుమారుడు నమస్కరించి వ్రాయు విజ్ఞాపన. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమము, అక్కడ మీ అందరి క్షేమము తెలియజేయగలరు." ఆ తర్వాత మనియార్డరు అందిందా, శిస్తు కట్టారా, కోడెదూడకి ముక్కుతాడు వేశారా, చెల్లిని బడి మానిపించొద్దు, కొబ్బరిచెట్లు దింపించారా. యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు. తుపాకీ అన్న మాటే లేదు. మామ్మ పేరు కూడా ఎక్కడా లేదు. పెళ్ళయి మూడేళ్ళు కాకుండానే వెళ్ళిన మనిషి.

మళ్ళీ మళ్ళీ వచ్చేది ఒక్కటే, చేంతాడు. ముప్పై ఏడింటిలో ఇరవై రెండు ఉత్తరాల్లో ఉంది. "బావి చేంతాడు చూచుకొనుచుండవలెను." "వానకాలము వచ్చుచున్నది, చేంతాడు మార్చగలరు." "ఈ నెల పంపిన పైకములో ముందుగా చేంతాడు కొనవలెను, తరువాతనే తక్కినవి." మొదట్లో నవ్వొచ్చింది. పదిహేనో ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి భయమేసింది. యుద్ధంలో ఉన్న మనిషికి తాడు మీద ఇంత ధ్యాస ఎందుకు?

మీ సాయం కావలసింది వీటికి.

కవరు మీద ఆయన నంబరు, పేరు, "12 ఫీల్డ్ కంపెనీ, క్యు.వి.ఓ. మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్" అని ఉంది. కింద కొన్నిటి మీద "ఎం.ఇ.ఎఫ్.", చివరి వాటి మీద "సి.ఎం.ఎఫ్." అని ఉంది. ఊరు పేరు లేదు. ఎక్కడున్నారో దీన్నిబట్టి తెలుస్తుందా?

ఉత్తరాల్లో మూడు రకాల చేతిరాతలున్నాయి. తాతయ్య నాలుగో తరగతి చదివారు, రాయడం వచ్చు. మరి మిగతా రెండూ ఎవరివి?

అన్నిటికంటే ముఖ్యం, 1942 ఆగస్టు ఉత్తరం. చివర, సంతకానికి పైన, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద ముక్క బ్లేడుతో కోసేశారు. అంచులు నున్నగా ఉన్నాయి, చింపింది కాదు. దానికి ముందు వాక్యం "ఈ దిగువ చూపిన విధముగా" అని ఆగిపోయింది. ఆ చిల్లులోంచి నా వేలు అవతలికి కనబడుతుంటే ఏదోలా ఉంది. అక్కడ ఏముండి ఉంటుంది?

ఇంకొకటి, పెన్సిలుతో రాసినవాటిలో అక్కడక్కడ ఊదారంగు మరకలున్నాయి. కన్నీళ్ళు పడ్డాయేమో అనుకుంటున్నాను. వీటిని పాడవకుండా ఎలా దాచాలో కూడా చెప్పండి.

శాపర్ తంబి:

అమ్మా, నమస్కారం. నేను మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో ఇరవై నాలుగేళ్ళు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. మాది చిత్తూరు జిల్లా. మీ తాతగారిది మా పల్టనే. అప్పుడు దాన్ని క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ అనేవారు. శాపర్ అంటే సైన్యంలో రోడ్లు వేయడం లాంటి ఇంజనీరింగ్ పని చేసే సైనికుడు. 1780లో పుట్టిన పల్టన్, ఇవాళ్టికీ బెంగళూరులో ఉల్సూరు చెరువు పక్కన సెంటర్ ఉంది. మమ్మల్ని ఇప్పటికీ తంబి అనే పిలుస్తారు. మీ పోస్టు చదివి మా ఆవిడకి కూడా వినిపించాను.

ఎం.ఇ.ఎఫ్. అంటే మిడిల్ ఈస్ట్ ఫోర్సెస్. ఈజిప్టు, లిబియా వైపు. సి.ఎం.ఎఫ్. అంటే సెంట్రల్ మెడిటరేనియన్ ఫోర్సెస్, అంటే ఇటలీ. ఊరు పేరు రాయకూడదన్నది రూలు. అందుకే కంపెనీ పేరు, ఈ మూడక్షరాలు తప్ప ఏమీ ఉండవు. 12 ఫీల్డ్ కంపెనీ నాలుగో ఇండియన్ డివిజన్‌ది. భుజం మీద ఎర్ర గద్ద గుర్తు ఉండే డివిజన్. 1941లో ఎరిట్రియాలో కెరెన్, 1942లో ఎల్ అలమీన్, 1943లో ట్యునీషియా, 1944 మొదట్లో ఇటలీలో కసీనో. ఆ డివిజన్ నడిచిన దారి ఇది. మీ దగ్గరున్న తేదీలు దీని పక్కన పెట్టుకుని చూడండి.

యుద్ధం గురించి ఎందుకు రాయలేదంటారా. రాయనివ్వరమ్మా. ఎక్కడున్నాం, ఎటు వెళ్తున్నాం, ఎంతమంది పోయారు, ఇవేవీ రాయకూడదు. రాస్తే సెన్సారు దగ్గర నల్లసిరా పూస్తారు, లేదంటే కోస్తారు. కానీ నాకు తెలిసి అదొక్కటే కారణం కాదు. నేను కొన్నాళ్ళు కాశ్మీర్లో పోస్టు మీద ఉన్నాను. అక్కడ నుంచి మా అమ్మకి రాసిన ఏ ఉత్తరంలోనూ చలి అన్న మాట రాయలేదు. రాస్తే ఆమె దుప్పటి కప్పుకోదు.

కోసిన ముక్క గురించి ఇప్పుడే ఏమీ అనలేను. దాని తర్వాతి ఉత్తరం ఉందా? ఉంటే ఏమి రాశారో పెట్టండి.

పాత సంచిక:

చరిత్ర చదివే అలవాటున్నవాణ్ణి, సైన్యంలో పనిచేసినవాణ్ణి కాదు. చేతిరాతల గురించి నాకు తోచింది చెబుతాను.

మొదటి ప్రపంచయుద్ధంలో 1914 సెప్టెంబరు చివర మన సైనికులు ఫ్రాన్సులో మార్సే రేవులో దిగారు. ఈప్రా, నవ్ షపెల్ ట్రెంచిల్లో ఒక చలికాలమంతా ఉన్నారు. వాళ్ళ ఉత్తరాలు చూడటానికి ఈవ్లిన్ హోవెల్ అనే అధికారి కింద ఒక సెన్సారు ఆఫీసే పెట్టారు. 1915 మార్చి నాటికి వారానికి పది ఇరవై వేల ఉత్తరాలు వెళ్ళేవట. వాటిలో కొన్నిటిని ఇంగ్లీషులోకి తిప్పి నివేదికలకు జతచేశారు కాబట్టి, ఆ మాటలు ఇవాళ మనకి మిగిలాయి. అసలు కాగితాలు ఇళ్ళకి చేరి చెదలపాలయ్యాయి. మీ డబ్బా ఎంత అరుదైనదో ఒకసారి ఆలోచించండి. ఫ్రాన్సుకి వెళ్ళినవాళ్ళలో పంజాబు, గఢ్వాల్, నేపాల్ వైపువాళ్ళే ఎక్కువ. మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళు మెసపొటేమియాకీ తూర్పు ఆఫ్రికాకీ ఎక్కువగా వెళ్ళారు. అందుకని ఆ నివేదికల్లో తెలుగు గొంతు వెతికితే దొరకడం కష్టం.

ఆ ఉత్తరాల్లో చాలావాటిని రాసింది సైనికుడు కాదు, పక్కనున్న చదువొచ్చినవాడు. అక్కడ ఒకడు చెబితే ఇంకొకడు రాశాడు, ఇక్కడ ఒకడు చదివితే పదిమంది విన్నారు. మధ్యలో సెన్సారువాడు చూశాడు. ఇంతమంది చెవుల మధ్య నుంచి తన మాట దాటించాలి. అందుకని మారుపేర్లు పెట్టేవారు. ఒకతను నల్లమిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్రమిరపకాయ వాడుతున్నారు అని రాశాడు. నల్లవి అంటే మనవాళ్ళు, ఎర్రవి అంటే తెల్లవాళ్ళు. మనవాళ్ళు ఎంతమంది పోయారో అలా చెప్పాడు. ఇంకొకతను ఇది యుద్ధం కాదు, లోకం ముగిసిపోవడం అని, దీన్ని మహాభారత యుద్ధంతో పోల్చి రాశాడు.

ఇది చెప్పింది ఎందుకంటే, మీ తాతగారి చేంతాడు నిజంగా చేంతాడేనా అని నా అనుమానం. ఇరవై రెండు సార్లు ఎవరూ తాడు గురించి రాయరు. జీతం, సెలవు, బదిలీ లాంటిదానికి ఏదో సంకేతం అయ్యుండొచ్చు.

కాగితాల పని:

నేను పాత పుస్తకాలు బాగుచేసే పనిలో ఉన్నాను. రెండు ముక్కలు చెప్పి తప్పుకుంటాను.

దయచేసి లామినేషన్ చేయించొద్దు. సెల్లోటేపు అంటించొద్దు. కవర్లు పారేయొద్దు, ఏ ఉత్తరం ఏ కవర్లోదో అలాగే ఉంచండి. వేపాకు తీసేయండి, కాగితాన్ని మచ్చ చేస్తుంది. మడతలు నెమ్మదిగా విప్పి, ఆమ్లం లేని కాగితం మధ్య పరిచి, గట్టి అట్టపెట్టెలో పడుకోబెట్టండి. పెన్సిలు రాత వెలిసిపోయి ఉంటే, చీకటి గదిలో టార్చిలైటు పక్కనుంచి, దాదాపు బల్లకి ఆనించి వేసి ఫోటో తీయండి. పెన్సిలు నొక్కిన గాడి నీడపడి అక్షరాలు లేస్తాయి.

ఊదా మరకల విషయం. అది కాపీయింగ్ పెన్సిలు. చెరిపినా పోదు కాబట్టి సైన్యంలో, ఆఫీసుల్లో బాగా వాడేవారు. పొడిగా ఉంటే మామూలు పెన్సిల్లా బూడిదరంగులో రాస్తుంది, తడి తగిలితే ఊదా అవుతుంది. చాలామంది మొనని నాలికతో తడిపి రాసేవారు. మరకలు లైను మొదట్లో, మాట మొదట్లో ఉంటే అది నాలిక తడి. ఎక్కడపడితే అక్కడ గుండ్రంగా ఉంటే పైనుంచి పడ్డ చుక్క. అది వాన చుక్కో ఇంకొకటో కాగితం చెప్పదు. మీరు మాత్రం తడి చెయ్యి తగలనివ్వకండి.

గోదారి గట్టు:

మీకందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

కాగితాల పని గారూ, టార్చి వేసి చూశాను. మరకలు లైను మొదట్లోనే ఉన్నాయి. మొదటి రెండు అక్షరాలు ముదురుగా ఊదాగా ఉండి, పోనుపోను బూడిదరంగులోకి దిగిపోతుంది. మళ్ళీ కొత్త లైను మొదట్లో ఊదా. తాతయ్య నాలిక అది. వాటిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

తంబి గారూ, మీరన్నట్టు తేదీలు పక్కన పెట్టి చూశాను. ఇదివరకు నేను మామూలు మాటలనుకుని దాటేసినవి ఇప్పుడు ఆగి చదువుతున్నాను. 1942 అక్టోబరు ఉత్తరంలో ఇలా ఉంది: "ఇచ్చట నేల మన దిబ్బచేనులో బావి త్రవ్వినప్పుడు తగిలిన బండ వంటిది. గునపము మొన వంగిపోవుచున్నది." 1944 మార్చి ఉత్తరం మొత్తం పెట్టేస్తున్నాను. అది సగం కాగితమే.

"నాన్నగారికి నమస్కారములు. నేను క్షేమము. ఇచ్చట పగలు పొయ్యి వెలిగించుటకు వీలు లేదు. రాత్రి కంచరగాడిదల మీద నీళ్ళు, రొట్టె వచ్చును. నేల త్రవ్వుటకు కాని రాయి అగుటచే రాళ్ళు పేర్చుకొని వాటి చాటున ఉన్నాము. ఇక్కడివారి పెద్ద గుడి ఒకటి కొండమీద ఉండెను. ఇప్పుడు లేదు. చాలా పాతదని చెప్పుకొనిరి. చెల్లి పరీక్ష ఏమైనది. చేంతాడు క్రొత్తది వేసినారా. వేసి యుండనిచో ఈ ఉత్తరము అందిన దినమే వేయగలరు. చిత్తగించవలెను."

దీని తర్వాతది ఏప్రిల్లో వచ్చింది. అందులో వేరే చేతిరాత. "పని ఎక్కువగా నుండుటచే ఇంకొకరిచే వ్రాయించితిని, నా చేతికి ఏమియు కాలేదు" అని ఉంది. ఎవరూ అడగకుండానే చేతికి ఏమీ కాలేదని ఎందుకు రాయించారు? తాతయ్య కుడిచేతి చూపుడువేలు వంగేది కాదు. అన్నం కలుపుతుంటే అదొక్కటీ నిటారుగా పైకి లేచి ఉండేది. నాకు బాగా గుర్తు, దాన్ని పట్టుకుని ఊగేదాన్ని. చెరకు గానుగలో పడిందని మాకు చెప్పారు. మా ఇంట్లో చెరకు ఎప్పుడూ లేదు. ఈ సంగతి ఇన్నేళ్ళలో మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఇక మీరడిగినది. కోసిన ఉత్తరం తర్వాతిది, 1942 సెప్టెంబరు: "క్రిందటి జాబులో నేను వ్రాసి చూపిన ప్రకారము చేదకు కట్టినారా లేదా వ్రాయగలరు. అది జారదు, తెగదు, తడిసినను విప్పుటకు వచ్చును. ఇక్కడ మాకు అదియే మొదట నేర్పినారు."

శాపర్ తంబి:

అమ్మా, ఈ రెండు ఉత్తరాలూ చదివాక కాసేపు బయటికెళ్ళి నిలబడ్డాను.

ముందు 1944 మార్చి. ఆ గుడి కసీనో కొండ మీది మఠం. ఆరో శతాబ్దంలో సెయింట్ బెనెడిక్ట్ పెట్టిన చోటు. 1944 ఫిబ్రవరి 15న విమానాల్లో వచ్చి బాంబులేసి కూల్చేశారు. మీ తాతగారి డివిజన్ అప్పుడు దాని ఎదురుగా, పాము తల అని పేరుపెట్టిన గట్టు మీద ఉంది. అక్కడ ట్రెంచి తవ్వడానికి లేదు, అంతా రాయి. రాళ్ళు పేర్చి గోడ కట్టుకుని దాని వెనక పడుకోవాలి. పొగ కనబడితే గుండు వస్తుంది. తిండి, నీళ్ళు, మందుగుండు, అన్నీ రాత్రిపూట కంచరగాడిదల మీదే. దెబ్బతిన్నవాళ్ళని కిందికి మోసుకురావడం కూడా చీకట్లోనే. ఆ గట్ల వెనక మేకలు నడిచే బాటని ట్యాంకులు ఎక్కేంత రోడ్డుగా చేసింది మా డివిజన్ శాపర్లు, న్యూజిలాండ్ ఇంజనీర్లతో కలిసి. పగలు వలలు కప్పి, రాత్రి బండలు పేల్చి. కావెండిష్ రోడ్డు అంటారు దాన్ని. "పని ఎక్కువగా నుండుటచే" అన్నది అబద్ధం కాదు.

ఆ డివిజన్‌కి కసీనోలో నాలుగు వేలకి పైగా నష్టం, చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, జాడ లేనివాళ్ళు అంతా కలిపి. అదే ఫిబ్రవరిలో మిన్యానో దగ్గర మా మద్రాసు శాపర్స్ సుబేదార్ సుబ్రమణ్యం, పక్కవాళ్ళని కాపాడటానికి మందుపాతర మీద తను పడిపోయి ప్రాణం ఇచ్చారు. జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చారు ఆయనకి. సెంటర్లో చేరిన ప్రతి కుర్రాడికీ ఆ పేరు చెబుతారు. మీ తాతగారు "గుడి ఉండెను, ఇప్పుడు లేదు" అని రాసిన వాక్యం సెన్సారు దాటి ఎలా వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. గుడి అనడం వల్ల ఎవరికీ తట్టలేదేమో.

1942 అక్టోబరు నేల రువైసాత్ గట్టు. అలమీన్ దగ్గర. ఇసుక ఎడారి అనుకుంటాం గానీ ఆ గట్టు పైన జానెడు మట్టి, కింద బండ. యంత్రాలు పెట్టి పగలగొడితే తప్ప గొయ్యి రాదు.

ఇక కోసిన ముక్క. అది ముడి బొమ్మ అమ్మా. అనుమానం లేదు. "జారదు, తెగదు, తడిసినా విప్పవచ్చు, మొదట నేర్పినది." శాపర్‌కి మొదట నేర్పేది తాళ్ళు. ముళ్ళు, కట్లు. అందులో ఈ మూడు లక్షణాలూ ఉన్నది బౌలైన్ అనే ముడి. ఆయన దాని బొమ్మ గీసి, ఈ విధంగా చేదకి కట్టండి అని రాశారు. తెలుగు రాని సెన్సారువాడు ఆ మెలికలు, బాణం గుర్తులు చూసి మ్యాపు అనుకుని ఉంటాడు. బొమ్మ కనబడితే వదలరు. కోసేశాడు.

వివరాలు ఇంకా కావాలంటే బెంగళూరులో మా గ్రూపు రికార్డ్స్‌కి ఆయన నంబరు, పేరు, కవరు ఫోటో జతచేసి రాయండి. కంపెనీ రోజువారీ డైరీలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. మిడిల్ ఈస్ట్‌వి డబ్ల్యు.ఓ. 169 వరసలో వెతకాలి, ఇటలీవి ఏ వరసలో ఉన్నాయో అక్కడే అడగండి.

పాత సంచిక:

నా అనుమానం తప్పని ఒప్పుకుంటున్నాను. అది చేంతాడే. కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఎందుకు అంత పట్టు? మీ ఇంట్లో ఆనాటివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆలస్యం చేయకుండా వెళ్ళి అడగండి. మా ఇంట్లో నేను అడుగుదామనుకుంటూ ఉండగానే పెద్దవాళ్ళు వెళ్ళిపోయారు.

మాధవరం కుర్రాడు:

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటారు కదా, ఆ ఊరు. మా ఊళ్ళో ఇలాంటి డబ్బాలు చాలా ఇళ్ళలో ఉండేవి. మా ఇంట్లోవి మాత్రం దీపావళికి ఇల్లు దులిపినప్పుడు పొయ్యిలో వేశారు. ఈ పోస్టు చదివాక ఇవాళ ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాను. ఒక ఇంట్లో నాలుగు దొరికాయి.

గోదారి గట్టు:

నిన్న తణుకు వెళ్ళొచ్చాను. తాతయ్య చెల్లెలు, మేం చిన్నమామ్మ అంటాం, అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. తొంభై రెండేళ్ళు. చెవులు సరిగా వినబడవు, జ్ఞాపకం మాత్రం చక్కగా ఉంది. ఉత్తరాల్లో "చెల్లిని బడి మానిపించవద్దు" అని ఉన్నది ఆమె గురించే.

ఉత్తరాలు చేతికిస్తే ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది. తర్వాత చేంతాడు సంగతి అడిగాను. వెంటనే చెప్పలేదు. "మీ నాన్నకి తెలుసా?" అంది. తెలియదన్నాను. అప్పుడు చెప్పింది.

1940 ఎండాకాలం. మామ్మకి ఆరో నెల. బావిలో నీళ్ళు అడుక్కి దిగిపోయాయి. చేంతాడు అప్పటికే పీచు లేచి ఉంది. మామ్మ చెబితే తాతయ్య "బుధవారం సంతలో తెస్తాలే" అన్నారట. మంగళవారం పొద్దున చేద గిలక దాకా వచ్చాక తాడు తెగింది. వెనక్కి లాగుతున్న మనిషి అలాగే చప్టా మీద వెల్లకిలా పడిపోయింది. ఆ బిడ్డ దక్కలేదు. మగపిల్లాడు. మా నాన్నకి ముందు ఒక అన్నయ్య ఉండేవాడన్న సంగతి నిన్నటిదాకా మాకెవరికీ తెలియదు. మరుసటి ఏడే తాతయ్య ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి పట్టాళంలో చేరారు.

ఉత్తరం వస్తే బడి మాస్టారు వచ్చి మా అరుగు మీద కూర్చుని చదివేవారట. వీధంతా వినడానికి వచ్చేది. మామ్మ తలుపు వెనక నిలబడేది. "చేంతాడు అన్న మాట రాగానే వదిన లోపలికెళ్ళిపోయేది. మాస్టారు మిగతాది చదివేవారు. మాకెవరికీ అర్థమయ్యేది కాదే, ఆ మాట వదిన కోసం రాసేవాడని" అంది చిన్నమామ్మ. అర్థం కాకపోవడానికి తనకప్పుడు తొమ్మిదేళ్ళు. ముత్తాతకి అర్థమయ్యే ఉంటుందని నేననుకుంటున్నాను. ఎందుకంటే ప్రతిసారీ పైకం రాగానే ముందు తాడే కొనేవాడట. ఇంట్లో కొత్త చేంతాళ్ళు మూడేసి వేలాడేవట.

ముడి సంగతీ అడిగాను. కోసిన ఉత్తరం వచ్చిన రోజు ఆమెకి గుర్తుంది. మాస్టారు కాగితం ఎత్తి చిల్లులోంచి ఆకాశం చూపించి "ఇక్కడేదో రాశాడు, దొరలు కోసేశారు" అన్నారట. సెప్టెంబరు ఉత్తరంలో కట్టారా లేదా అని అడిగేసరికి ఏమి జవాబు రాయాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు మామ్మ తలుపు వెనక నుంచి, మామగారి ముందు ఎప్పుడూ నోరు విప్పని మనిషి, "మీరు చెప్పినట్టే కట్టామని రాయమనండి" అంది. మాస్టారు అలాగే రాశారు. ఏ ముడో ఎవరికీ తెలియదు. మామూలు ముడే వేసుకున్నారు. తాతయ్య తిరిగొచ్చి బావి దగ్గరికెళ్ళి చూసుకుని ఉంటారు కదా. ఏమనుకున్నారో, ఏమన్నారో చిన్నమామ్మకి తెలియదు. పెళ్ళయి అప్పటికే అత్తారింటికి వెళ్ళిపోయింది.

తంబి గారూ, ఆ ముడి ఎలా వేయాలో మాటల్లో చెప్పగలరా? బొమ్మలు నెట్‌లో దొరుకుతాయని తెలుసు. మీరు చెబితే కట్టాలని ఉంది.

శాపర్ తంబి:

తప్పకుండా అమ్మా. మాకు నేర్పినట్టే చెబుతాను.

తాడు కొసని చేద కొంకిలోంచి మీ వైపుకి లాగండి, ఒక మూర. పైకి వెళ్ళే తాడుని ఎడమచేత్తో పట్టుకుని, దానిలోనే చిన్న కన్ను చేయండి, ఉంగరమంత. కన్ను చేసేటప్పుడు కొంకి వైపు వెళ్ళే తాడు పైన ఉండాలి, అది చూసుకోండి. ఇప్పుడు ఆ కన్ను బావి అనుకోండి, పైకి వెళ్ళే తాడు చెట్టు అనుకోండి, మీ కొస పాము. పాము బావిలోంచి కింద నుంచి పైకి వస్తుంది. చెట్టు వెనక చుట్టూ తిరుగుతుంది. మళ్ళీ అదే బావిలోకి పై నుంచి దిగిపోతుంది. దిగాక కొసని, కొంకి వైపు తాడుని ఒక చేత్తో, చెట్టుని ఇంకో చేత్తో పట్టి లాగండి. అంతే. ఎంత బరువు వేసినా కొంకి చుట్టూ ఉన్న ఉచ్చు బిగుసుకుపోదు. విప్పాలంటే చెట్టుని చుట్టుకున్న మెలికని బొటనవేలితో ముందుకి తోయండి.

మా ఉస్తాదు కళ్ళకి గంతలు కట్టి వేయించేవాడు. చీకట్లో వేయగలిగితేనే వచ్చినట్టు.

గోదారి గట్టు:

బావి పూడ్చేశారు, ఇరవై ఏళ్ళయింది. గిలక మాత్రం దాచాం. బాల్కనీలో ఇనుప బకెట్టులో నీళ్ళు పోసి, నైలాన్ తాడుతో కట్టి చూశాను. పాము రెండుసార్లు దారి తప్పింది, మూడోసారి కుదిరింది. ఎత్తి ఊపితే కొస కొంచెం కొంచెం లోపలికి జరుగుతోంది. కొస ఎంత వదలాలి?

శాపర్ తంబి:

నైలాన్ నున్నగా ఉంటుంది, జారుతుంది. జానెడు వదిలి, ఆ కొసతో పక్క తాడుకి ఒక అరముడి వేయండి. మీ ఇంట్లో అప్పుడు వాడింది కొబ్బరిపీచు తాడు అయ్యుంటుంది. దానికైతే బెత్తెడు చాలు. తడిస్తే అదే పట్టుకుంటుంది.